2000 మోడల్ ఎస్టీమ్‌కి ఒరిజినల్ పార్టులు వెతికిన ఐదు నెలలు: నా అనుభవం

మా నాన్నగారి మారుతి ఎస్టీమ్ 2000 నవంబర్‌లో విజయవాడలో రిజిస్టర్ అయింది. వీఎక్స్ఐ, పెట్రోల్. 2015లో, మళ్లీ 2020లో ఆర్‌సీ రెన్యూవల్ చేయించాం. మూడో రెన్యూవల్ 2025 నవంబర్‌లో. దానికి ఇంకా ఐదు నెలలు ఉందనగా, జూన్ చివర్లో, పార్కింగ్‌లో ఇంజన్ కింద పచ్చటి కూలెంట్ మరకలు కనిపించడం మొదలైంది. ఆ వారంలోనే ఒక వాటర్ ట్యాంకర్ రివర్స్‌లో వచ్చి డ్రైవర్ సైడ్ టెయిల్ ల్యాంప్ పగలగొట్టింది. వానలు పడేసరికి వెనక సీటు ముందు కార్పెట్ తడిసి ముద్దవుతోంది, డోర్ బీడింగ్, అంటే తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు, గట్టిపడి చీలిపోయింది.

ఇంట్లో అందరూ ఒకటే మాట, అమ్మేయమని. తుక్కు కొనేవాళ్లు 35 వేలు ఇస్తామన్నారు. నాన్న ఏమీ మాట్లాడలేదు గానీ, ఆ రోజు భోజనం సరిగా చేయలేదు. ఆయనకి 74 ఏళ్లు. రిటైరయ్యాక కూడా ఆ బండి బాగోగులు ఒక డైరీలో రాస్తారు, ఆయిల్ ఎప్పుడు మార్చారు, బెల్ట్ ఎప్పుడు మార్చారు అన్నీ. కాబట్టి నేను గట్టిగానే చెప్పాను, ఈ బండి రెన్యూవల్ కోసం మళ్లీ ఫిట్‌నెస్ తనిఖీకి వెళ్తుంది, నేను చూసుకుంటానని. పార్టుల కోసం ఎక్కడెక్కడ తిరగాలో అప్పటికి నాకు అంచనా లేదు.

మేముండేది పటమటలో, ఆటోనగర్ పక్కనే. మా మెకానిక్ అక్కడే ముప్పై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నారు, నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన బానెట్ ఎత్తి చూసి, "వాటర్ పంపు పోయిందమ్మా. లోకల్‌ది ఎనిమిది వందలకి దొరుకుద్ది. ఈ ఇంజన్‌కి మాత్రం నేను వెయ్యను, కంపెనీది తీసుకురా" అన్నారు. కారణం కూడా చెప్పారు. ఇంజన్ హెడ్ అల్యూమినియం. పంపు సగంలో ఆగి ఇంజన్ వేడెక్కితే హెడ్ వంకర పోతుంది, అప్పుడు ఖర్చు పంపుతో ఆగదు. పైగా పంపు విప్పాలంటే టైమింగ్ బెల్ట్ విప్పాల్సిందే. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి బెల్టూ, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరూ కొత్తవే వేయాలి. ఇలా ఒక్క లీకు మూడు పార్టుల పని అయింది.

జూలై మొదటి వారంలో ఒక షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌కి వెళ్లాను. "ఎస్టీమా? ఆగిపోయి చాలా కాలమైంది మేడమ్, రావు" అన్నాడు అక్కడి కుర్రాడు, కంప్యూటర్ వైపు చూడకుండానే. ఇంకో చోట "మీ మెకానిక్‌ని పంపండమ్మా" అన్నారు. ఆడవాళ్లు స్పేర్ పార్టు అడిగితే ఈ మాట ఎన్నిచోట్ల వినాల్సి వస్తుందో అప్పుడే తెలిసింది. కోపం వచ్చింది. ఏం కావాలో నాకు తెలుసు, డబ్బులు నా చేతిలో ఉన్నాయి, ఇంకా మెకానిక్ ఎందుకు?

పని జరిగింది మూడో కౌంటర్‌లో. అక్కడున్న పెద్దాయన బండి పేరు వినగానే ఆర్‌సీ అడిగారు. ఛాసిస్ నంబర్ కొట్టి, స్క్రీన్ మీద ఇంజన్ బొమ్మ తెరిచి, అందులో పంపు మీద వేలు పెట్టి "ఇదేనా?" అన్నారు. పాత నంబర్ ఇప్పుడు లేదట, దాని బదులు కొత్త నంబర్ వచ్చిందట. కౌంటర్ వాళ్లు దీన్ని సూపర్‌సీడ్ అయింది అంటారు. పాత నంబర్ కొడితే "స్టాక్ లేదు" అని వచ్చే పార్టే, కొత్త నంబర్ కొడితే గోడౌన్‌లో కనిపిస్తుంది. మొదటి రెండు చోట్లా ఆ రెండో మెట్టు ఎవరూ ఎక్కలేదు.

ఆ పెద్దాయన నాకు ఓపిగ్గా నంబర్ చదవడం నేర్పారు. మారుతి పార్టు నంబర్‌లో ముందు ఐదు అంకెలు, తర్వాత ఎం అక్షరం, ఆ తర్వాత మోడల్‌కి సంబంధించిన కోడ్ ఉంటాయి. మొదటి ఐదు అంకెలు పార్టు ఏదో చెబుతాయి. 17400 అంటే వాటర్ పంపు, 12761 అంటే టైమింగ్ బెల్ట్, 16510 అంటే ఆయిల్ ఫిల్టర్. రంగు వేసి వచ్చే పార్టులకి చివర రంగు కోడ్ కూడా తగులుతుంది. నాకు కావలసినవన్నీ నంబర్లతో సహా ఒక కాగితం మీద రాయించుకున్నాను. ఆ తర్వాత ఏ షాపులోనూ "ఎస్టీమ్‌కి ఉందా" అని అడగలేదు, నంబర్ చెప్పి అడిగాను. జవాబులు వచ్చే తీరే మారిపోయింది. మెకానిక్‌ని పంపమనడం కూడా దాదాపు ఆగిపోయింది.

ఇంకో మంచి సంగతి కూడా ఆయన దగ్గరే తెలిసింది. ఎస్టీమ్ పోయినా దాని ఇంజన్ పోలేదు. మా బండిలో ఉన్న 1298 సీసీ, 16 వాల్వుల జీ13బీబీ ఇంజనే మారుతి వాళ్లవే అయిన జిప్సీ కింగ్‌లోనూ, వర్సాలోనూ వాడారు. జిప్సీ 2019 దాకా నడిచింది, సైన్యంలో ఇప్పటికీ తిరుగుతోంది. 2010లో వచ్చిన ఈకో మొదటి ఇంజన్ కూడా ఆ కుటుంబానిదే. అందుకే ఇంజన్ లోపలి సామాను ఇంకా తయారవుతోంది, దొరుకుతోంది. ఎస్టీమ్‌కి మాత్రమే ఉండేవి, అంటే లైట్లు, డోర్ హ్యాండిళ్లు, బీడింగ్‌లు, డ్యాష్‌బోర్డ్ ముక్కలు, అవే కరువు. పాత కారు ఉంచుకోవాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి ఇది ముఖ్యం. ఇంజన్ మీద బెంగ పడక్కర్లేదు, బాడీకి గీత పడితేనే అసలు కష్టం.

పంపు 1,870, బెల్ట్ 720, టెన్షనర్ 1,150, వాటితో పాటు కూలెంట్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ 640. అడ్వాన్స్ కట్టించుకుని పది రోజులన్నారు. పంపూ థర్మోస్టాటూ పది రోజులకే వచ్చాయి. టెన్షనర్ రావడానికి నెల దగ్గర పడింది. ఆ నెలంతా బండి షెడ్డులోనే ఉంది. నాన్న రోజూ సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి చూసి వచ్చేవారు. "వచ్చిందా?" అని అడిగేవారు కాదు, నా ముఖం చూసేవారు. ఆ చూపుకి నాకు టెన్షన్ ఎక్కువైపోయేది. రోజూ ఉదయం పదిన్నరకి కౌంటర్‌కి ఫోన్ చేయడం అలవాటైంది. అదీ ఉపయోగపడిందనే చెప్పాలి, ఎందుకంటే టెన్షనర్ వచ్చిన రోజు నేను ఫోన్ చేశాకే వాళ్లకి పార్సిల్ వచ్చినట్టు తెలిసింది.

మధ్యలో ఆలస్యం భరించలేక బయట మార్కెట్లో బెల్టూ టెన్షనరూ అడిగి చూశాను. ఒక షాపులో "ఒరిజినలే మేడమ్, కంపెనీ ప్యాకింగ్" అని ఒక బెల్ట్ పెట్టె ఇచ్చారు. పెట్టె మీది హోలోగ్రామ్ స్టిక్కర్ అటూ ఇటూ తిప్పితే రంగు మారాలి, ఇది మామూలు వెండి కాగితంలా ఉంది. లేబుల్ మీద అచ్చు మసకగా ఉంది, ప్యాక్ చేసిన నెల, సంవత్సరం లేవు. పార్టు నంబర్ చూస్తే నా కాగితంలో ఉన్నదానికీ దానికీ రెండు అక్షరాలు తేడా. తిరిగి ఇచ్చేశాను. డోర్ హ్యాండిల్ డూప్లికేటు అయితే విరిగితే విరుగుతుంది, ఇంకోటి వేసుకుంటాం. టైమింగ్ బెల్ట్ డూప్లికేటు అయితే హైవే మీద మనుషులు ఉన్నప్పుడు తెగుతుంది. ఇలాంటివి అమ్మేవాళ్లని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అలాగని కంపెనీ పెట్టెలో వచ్చిందే మంచిదని కాదు. కార్ల కంపెనీలు చాలా పార్టులు సొంతంగా చేయవు, బయట తయారీదారుల దగ్గర చేయిస్తాయి. స్టీరింగ్ సామానులో రానే, బ్రేకుల్లో బ్రేక్స్ ఇండియా, లైట్లలో లూమాక్స్ లాంటి పేర్లు మెకానిక్‌లందరికీ తెలుసు. వాళ్లు తమ సొంత పెట్టెల్లోనూ అమ్ముతారు, ధర కొంచెం తక్కువే ఉంటుంది. బాబాయ్ పాత పార్టు విప్పగానే ముందు దాని మీద పోతపోసిన గుర్తు తుడిచి చూస్తారు. తయారీదారు ఎవరో తెలిస్తే అదే పేరుతో బజార్లో అడగొచ్చు. రేడియేటర్ హోస్‌లు మేం అలాగే తీసుకున్నాం, 1,380 అయింది.

ఆగస్టు 9న బండి మళ్లీ స్టార్ట్ అయింది. బాబాయ్ పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి, ఫ్యాన్ ఆన్ అయ్యి ఆగేదాకా చూసి, అప్పుడు తాళం నాన్న చేతికి ఇచ్చారు. లేబర్ మూడు వేలు, కూలెంట్ 700. నాన్న బెంజ్ సర్కిల్ దాకా నడిపి తీసుకొచ్చారు. ఆ పూట ఇంట్లో పండగే.

ఇక టెయిల్ ల్యాంప్. అసలు పరీక్ష ఇదే.

షోరూమ్ సిస్టమ్‌లో నంబర్ ఉంది, దాని పక్కన "నిలిపివేశారు" అని ఉంది. సూపర్‌సీడ్ కూడా లేదు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కనిపిస్తే నంబర్ సరిచూసుకుని 1,650 కట్టి ఆర్డర్ పెట్టాను. రెండు వారాలకు వచ్చిన పెట్టె విప్పితే అందులో 2004లో ఎస్టీమ్ రూపం మార్చాక వచ్చిన ల్యాంప్ ఉంది. మా బండి బాడీకి అది కూర్చోదు. పెట్టె మీద నంబరొకటి, లోపల సరుకొకటి. విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోవడం వల్ల వాదన లేకుండా వెనక్కి తీసుకున్నారు, కానీ డబ్బు ఖాతాలో పడేసరికి సెప్టెంబర్ వచ్చింది. ఆన్‌లైన్‌లో కొంటే వీడియో తప్పకుండా తీయండి. 2004కి ముందుదా తర్వాతదా అన్నది ఫోన్‌లో నోటితో అడిగి, అసలు సరుకు ఫొటో తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

తర్వాత ఢిల్లీ ప్రయత్నం. 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లు రోడ్డు మీద తిరగడానికి వీల్లేదన్న నిబంధన అప్పటికి అక్కడ ఉంది. జూలై 1 నుంచి అలాంటి బండ్లకి బంకుల్లో పెట్రోలే పోయవద్దన్నారు, కొద్ది రోజులకే ఆ ఆదేశం ఆపేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు యజమానుల మీద చర్యలు తీసుకోవద్దని చెప్పింది. అప్పటికే ఎన్నో బండ్లు తుక్కుకి వెళ్లిపోయాయి. ఆ తుక్కులోంచి పార్టులు అమ్మే ఒకాయన నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. వరసగా నాలుగు ఎస్టీమ్‌లు, ఒకదానికి మా బండి రంగే. లోపల సీట్ కవర్లు కూడా చెక్కు చెదరలేదు. ఎవరో మా నాన్నలాగే చూసుకున్న బండి అయి ఉంటుంది. ఆ ఫొటో నాన్నకి చూపించలేదు. ల్యాంప్ విడిగా ఇవ్వరట, జత తీసుకోవాలి, కొరియర్‌లో పగిలితే వాళ్ల బాధ్యత కాదట. వద్దనుకున్నాను.

చెన్నైలో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఒక ఆదివారం పుదుపేట వెళ్లాడు. పాత బండ్ల సామానుకి అది పేరున్న చోటు. అక్కడి నుంచి వీడియో కాల్ చేసి ల్యాంప్‌లు చూపించాడు. ఇక్కడే ఇంకో చిక్కు బయటపడింది. కేటలాగ్‌లో కుడి, ఎడమ అంటే డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషి కుడి, ఎడమ. షాపులో కొందరు బండి ఎదురుగా నిలబడి చెబుతారు. అందుకే "డ్రైవర్ సైడ్", "క్లీనర్ సైడ్" (డ్రైవర్‌కి అవతలి పక్క) అనే మాటలే వాడాలి. అన్నయ్య అలాగే అడిగి సరైనది తీయించాడు. ఆరు వందలే. కానీ ఎరుపు అద్దం వెలిసి గులాబీ రంగుకి తిరిగింది, లోపల రిఫ్లెక్టర్ పొట్టు లేచింది. ఫిట్‌నెస్‌లో నిలబడుతుందన్న నమ్మకం లేక మానుకున్నాం.

సెప్టెంబర్ మధ్యకి నాకు నిజంగానే నిరాశ పట్టుకుంది. ఇలాంటి చిన్న ప్లాస్టిక్ డబ్బా కోసం మంచి బండి తుక్కుకి పోవాలా అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అప్పుడు ఆటోనగర్‌లో ఒక పాత షాపు యజమాని మంచి మాట చెప్పారు. "సిటీలో స్టాకు ఎప్పుడో అయిపోయుద్దమ్మా. చిన్న ఊళ్లలో చూడు, పాత షాపుల్లో అటకెక్కించింది అట్టాగే ఉంటది." ఆయనే తనకు తెలిసిన షాపుల ఫోన్ నంబర్లు ఇచ్చారు. ఏలూరు, భీమవరం, తెనాలి, గుడివాడ. ప్రతి షాపుకీ ఫోన్ చేసి, తర్వాత పగిలిన ల్యాంప్ ఫొటో, నంబర్ పంపాను. చాలామంది చూడను కూడా లేదు. గుడివాడ ఆయన మూడో రోజు తిరిగి ఫోన్ చేశారు. "ఒకటుందమ్మా, ఏ సైడో వచ్చి చూసుకో."

నాన్నే ఎస్టీమ్ నడుపుతూ నన్ను తీసుకెళ్లారు. షాపు యజమాని కుర్రాడిని అటక ఎక్కించి దుమ్ము పట్టిన అట్టపెట్టె దింపించారు. దాని మీద "మారుతి ఉద్యోగ్ లిమిటెడ్" అని ఉంది. కంపెనీ పేరు మారుతి సుజుకి ఇండియాగా మారింది 2007లో. కాబట్టి ఆ పెట్టె అంతకు ముందుదే, ఇప్పుడు ఎవరో అచ్చు వేయించినది కాదు. నంబర్ నా కాగితంతో అక్షరం అక్షరం కలిసింది. లోపల ల్యాంప్, గ్యాస్కెట్, ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉన్నాయి. పగిలిన దాని పక్కన పెట్టి స్టడ్‌లు, సాకెట్లు సరిచూశాం. డ్రైవర్ సైడే. నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

పెట్టె మీద ఎంఆర్‌పీ 585. ఆయన 1,400 అడిగారు. రూలు ప్రకారం ఎంఆర్‌పీ మించి తీసుకోకూడదు, అది నాకు తెలుసు. అయినా బేరం ఆడలేదు. ఇరవై ఏళ్లు ఆ పెట్టెను పారేయకుండా దాచి, అడిగితే వెతికి తీసిన మనిషికి ఆ డబ్బు ఇవ్వడం నాకు న్యాయంగానే అనిపించింది.

అదే షాపులో డోర్ బీడింగ్ కూడా పాత స్టాకు ఒక సెట్ ఉంది. అది మాత్రం తీసుకోలేదు. నొక్కి చూస్తే వేలికి గట్టిగా తగిలింది. వాడకపోయినా రబ్బరు వయసు పెరుగుతూనే ఉంటుంది. పాత స్టాకులో అద్దం, లోహం, ప్లాస్టిక్ కొనొచ్చు. బెల్టులు, హోస్‌లు, సీళ్లు, బీడింగ్‌లు ఎంత ఒరిజినల్ అయినా వద్దు. మేం పాత బీడింగ్‌లో బెత్తెడు ముక్క కోసి, అదే ఆకారం ఉన్న లోకల్ బీడింగ్ ఆటోనగర్‌లో మీటర్ లెక్కన కొన్నాం. నాలుగు డోర్లకి బిగించడంతో కలిపి 2,600. అక్టోబర్ వానల్లో ఒక్క చుక్క లోపలికి రాలేదు.

సెప్టెంబర్‌లో ఇంకోటి జరిగింది. ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాల్సి ఉంది. షోరూమ్ పెద్దాయన 22వ తేదీ దాకా ఆగమన్నారు. ఆ రోజు నుంచి కార్ల పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 1,450 ఉన్న ప్యాడ్లు 1,337కి వచ్చాయి. అమ్మకానికి తొందరపడకుండా ఆయన ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ కృతజ్ఞతగా ఉంది.

రెన్యూవల్‌కి గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్టోబర్ మూడో వారంలో ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్‌తో వెళ్లాం. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యూవల్ ఫీజును కేంద్రం ఆగస్టులోనే 5,000 నుంచి 10,000కి పెంచింది. ఆ భారం మేం ముందు అనుకోనిది. తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబర్, లైట్లు, బ్రేకులు, హారన్ చూశారు. వెనక్కి వెళ్లి బ్రేక్ తొక్కమన్నారు. రెండు ల్యాంప్‌లూ వెలిగాయి. నవంబర్ మొదటి వారంలో ఆర్‌సీ చేతికొచ్చింది, 2030 దాకా.

ఫీజు కాక పార్టులు, లేబర్, తిరుగుడు అన్నీ కలిపి దాదాపు పదహారు వేలు అయింది. ఇప్పుడు బండి బాగున్నప్పుడే కొన్ని కొని పెడుతున్నాను. క్లీనర్ సైడ్ టెయిల్ ల్యాంప్, ముందు ఇండికేటర్లు, బయటి డోర్ హ్యాండిళ్లు. ఇండికేటర్లు భీమవరంలో దొరికాయి. డ్రైవర్ డోర్ హ్యాండిల్ ఇంకా దొరకలేదు. 2004కి ముందు ఎస్టీమ్‌ది, పెట్టెతో ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి, మరుసటి రోజే వచ్చి తీసుకుంటాం.